టీబీ మందులకు ఒళ్లు అలవాటు పడుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో టీబీ కల్చర్ (కఫంలోని క్రిములను పెంచి పరీక్షించే) ప్రయోగశాలలో పనిచేసే నా వంటివారిని రోగులు నేరుగా కలవవలసిన అవసరం ఉండదు. మా దగ్గరకు కఫం డబ్బాలు వస్తాయి, రిపోర్టులు వెళ్తాయి. అయినా రిపోర్టులో నిరోధకత, అంటే మందుకు క్రిమి లొంగకపోవడం, ఉందన్న మాట చూసి భయపడినవారు ఆ కాగితం పట్టుకొని వెతుక్కుంటూ వస్తారు. వారిలో చాలామంది మనసులో ఒకే అభిప్రాయం నాటుకొని ఉంటుంది. మిగతా అపోహలన్నీ కలిసి చేసే నష్టం కంటే అది ఒక్కటే చేసే నష్టం ఎక్కువ కనుక, ముందుగా దాని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: మందులు ఆపకుండా వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడిపోతుంది, అందుకే మధ్యమధ్య విరామం ఇవ్వాలి.

వాస్తవం: నిరోధకత అనేది రోగి ఒంటికి వచ్చే అలవాటు కాదు, రోగి ఒంట్లో ఉన్న క్రిముల జనాభాలో వచ్చే మార్పు. ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక్క కేవిటీలోనే (పుండు పడి ఏర్పడిన గుంతలోనే) పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా క్రిములు ఉండవచ్చు. అవన్నీ మొదట లోపలికి చేరిన కొద్దిపాటి క్రిముల సంతతే అయినా, అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు. టీబీ క్రిమి జన్యుక్రమంలో సుమారు 44 లక్షల అక్షరాలు (జన్యు సమాచారాన్ని రాసే రసాయన అక్షరాలు) ఉన్నాయని 1998లోనే తేలింది. క్రిమి దాదాపు రోజుకొకసారి రెండుగా చీలుతుంది. చీలిన ప్రతిసారీ ఆ అక్షరాలన్నిటికీ నకలు తయారు కావాలి, ఆ నకలులో అరుదుగా ఒక అక్షరం మారుతుంది. అలా మారడం వల్ల, టీబీకి ఇచ్చే రెండు ప్రధాన మందుల్లో ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి మొత్తం క్రిముల్లో సుమారు పది లక్షలకు ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి సుమారు పది కోట్లకు ఒకటి చొప్పున, ఇంకా ఒక్క మాత్ర కూడా మింగని రోగి ఒంట్లో సైతం పుడుతుంటాయి.

ఈ లెక్కను కాస్త నిదానంగా చూడాలి. ఒకే మందు వాడితే దానికి లొంగని క్రిములు కేవిటీలో ముందే సిద్ధంగా ఉన్నాయి. మిగతావి చనిపోగానే ఆ చోటంతా వాటిదే అవుతుంది. రెండు మందులకూ ఒకేసారి లొంగని క్రిమి పుట్టాలంటే మాత్రం కోటి కోట్లలో ఒక అవకాశం, అన్ని క్రిములు ఏ రోగి ఒంట్లోనూ ఉండవు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇవ్వడానికి మూలకారణం ఇదే. బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 1948లో వెలువడ్డాయి: తొలి నెలల్లో రోగులు బాగా కోలుకున్నారు, ఆ తరువాత వారిలో చాలామంది కఫంలో ఆ మందుకు లొంగని క్రిములే మిగిలాయి. మళ్లీ మళ్లీ నేర్చుకోవలసిన అవసరం లేని పాఠం అది. అయినా నేటికీ మన నగరంలో నెల రోజుల దగ్గుకు కఫం పరీక్ష చేయించకుండా మెడికల్ షాపులో లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కొని వాడేవారు ఉన్నారు. ఆ దగ్గు టీబీ అయితే, అది ఒకే మందుతో చేసే వైద్యమే అవుతుంది. పైగా మొండి టీబీ (ప్రధాన మందులకు లొంగని టీబీ) వస్తే ఆదుకోవలసిన మందుల్లో ఒకదాన్ని ముందే చేజార్చుకున్నట్టు అవుతుంది.

ఇక విరామం సంగతి. మందు ఆపిన రోజుల్లో, బతికి ఉన్న క్రిములు లొంగేవీ లొంగనివీ కలిసి పెరుగుతాయి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందుగా చనిపోయేవి లొంగేవే. ఇలా విడతలు విడతలుగా జరిగితే ప్రతి విడతలోనూ లొంగని వాటి వాటా పెరుగుతుంది. అలవాటు పడకూడదని ఇచ్చే విరామమే, అలవాటు అని జనం భయపడే ఆ స్థితిని తెచ్చిపెడుతుంది.

ఒకసారి బోరబండ నుంచి ఒక పెద్దాయన కోడలి రిపోర్టు తీసుకొని వచ్చారు. "గ్యాప్ ఇయ్యకపోతే ఒళ్లు మందులకు అలవాటు పడ్తదని మా వాడకట్టుల అందరు చెప్పిన్రు మేడమ్, అందుకే నెలనెలా కొన్ని దినాలు ఆపిచ్చినం, అంతా పిల్ల మంచికే చేసినం" అన్నారు. ఆయన స్వరంలో నిర్లక్ష్యం లేదు, ప్రేమే ఉంది. ఊళ్లో ఆయనకు పొలం ఉందని తెలిసి, ఒకే కలుపుమందు ఏటా కొడితే చివరికి దానికి చావని గడ్డే చేనంతా పరుచుకుంటుంది కదా అని అడిగాను; ఆయన వెంటనే గ్రహించారు. ఆమె క్రిములు ఐసోనియాజిడ్‌కు మాత్రమే లొంగలేదు, రిఫాంపిసిన్ ఇంకా పనిచేస్తోంది, కాబట్టి మందుల కూర్పు మార్చి ఆరు నెలల్లోనే చికిత్స ముగించగలిగారు. ఆమెకు మొదటి నుంచే లొంగని క్రిమి సోకిందా, మధ్యలో పెరిగిందా అన్నది తేల్చే వీలు లేకపోయింది. చికిత్సకు ముందు కఫాన్ని ఎవరూ కల్చర్‌కు పంపలేదు. అందుకే నిరోధకత కనిపించిన ప్రతి రోగినీ మందులు సరిగా మింగలేదని నిందించడం అన్యాయం. మొండి క్రిమి మరొకరి నుంచి నేరుగా కూడా సోకుతుంది.

అపోహ: రెండు నెలలకు దగ్గు పోయింది, కఫం నెగటివ్ వచ్చింది, మిగిలిన నాలుగు నెలలు అనవసరం.

వాస్తవం: క్రిముల మధ్య తేడాలన్నీ జన్యువుల్లోనే ఉండవు. జన్యువుల పరంగా మందుకు పూర్తిగా లొంగే క్రిముల్లో కూడా కొన్ని దాదాపు నిద్రావస్థలో ఉంటాయి. చురుకుగా పెరిగే వాటిని ఐసోనియాజిడ్ త్వరగా చంపుతుంది. ఆమ్ల వాతావరణంలో నక్కిన వాటి మీద పైరజినమైడ్ పనిచేస్తుంది. అప్పుడప్పుడు మేల్కొనే వాటిని రిఫాంపిసిన్ నెలల తరబడి వెంటాడాలి. మిగిలిన నాలుగు నెలలు వాటి కోసమే.

అపోహ: సీబీనాట్‌లో (కఫంలోని క్రిమి జన్యువులను యంత్రంతో చూసే పరీక్షలో) ఒకటి, కల్చర్‌లో మరొకటి వచ్చిందంటే ల్యాబు వాళ్లు డబ్బాలు తారుమారు చేశారు.

వాస్తవం: పొరపాట్లు అసాధ్యమని నేను అనను, కానీ రెండు రిపోర్టులూ నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. ఒకే కఫంలో లొంగే క్రిములు, లొంగనివి కలిసి ఉండవచ్చు. వందలో ఒక్క క్రిమి లొంగకపోయినా కల్చర్ పద్ధతిలో నిరోధకత ఉన్నట్టే లెక్క. సీబీనాట్‌కు కనిపించాలంటే అంతకంటే చాలా ఎక్కువ వాటా ఉండాలి. పైగా రిఫాంపిసిన్ విషయంలో సీబీనాట్ చూసేది ఆర్‌పీఓబీ జన్యువులోని 81 అక్షరాల చిన్న భాగాన్నే. మార్పు దాని బయట ఉంటే దానికి తెలియదు. మరో సంగతి, కఫంలోకి వచ్చేవి శ్వాసనాళంలోకి తెరుచుకున్న పుండులోని క్రిములే. మూసుకుపోయిన గడ్డలో వేరే రకం ఉన్నా ఆ డబ్బాలోకి రాకపోవచ్చు. మరణానంతర పరీక్షలలో ఒకే ఊపిరితిత్తిలోని వేర్వేరు భాగాల్లో జన్యుపరంగా తేడా గల క్రిములు కనిపించాయి. కాబట్టి రిపోర్టులు విభేదిస్తే ఒకటి చింపి పారేయకుండా, రెండూ డాక్టరు ముందు పెట్టి మళ్లీ కఫం ఇవ్వాలి. ఉమ్మి కాదు, తెల్లవారగానే లోతుగా దగ్గి తీసిన కళ్లె.

బ్రాయిలర్ కోళ్లకు వేసే యాంటీబయాటిక్స్ వల్ల టీబీ మందులు పనిచేయవని వాట్సాప్‌లో తిరిగే మాటను దయచేసి ఎవరికీ పంపకండి. టీబీ క్రిమి ఇతర బ్యాక్టీరియా నుంచి నిరోధక జన్యువులను అరువు తెచ్చుకోదు, దాని నిరోధకత అంతా సొంత జన్యువుల్లో వచ్చిన మార్పుల ఫలితమే. ఆ పుకారు నమ్మి, బరువు కోల్పోయిన రోగికి గుడ్డు, మాంసం మాన్పించడం ఎంత హానికరమో చెప్పనవసరం లేదు.

రెండోసారి టీబీ వస్తే మొదటి చికిత్స విఫలమైందని అనుకోకూడదు. కేప్‌టౌన్‌లో అలా తిరగబెట్టిన 16 మంది క్రిములను పోల్చి చూసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో 12 మందికి వచ్చింది కొత్త క్రిమి. పాతదే తిరిగి లేచిందా, కొత్తది సోకిందా అన్నది జన్యుక్రమం చెప్పగలదు: ఈ క్రిమిలో సగటున రెండేళ్లకు ఒక అక్షరం మాత్రమే స్థిరంగా మారుతుంది, కనుక వందల అక్షరాల తేడా ఉంటే అది బయటి నుంచి వచ్చిందే.

జన్యువులు మారిన క్రిమి మరింత వేగంగా అంటుకుంటుందన్న భయంతో రోగిని గదిలో పెట్టి తాళం వేసేవారు కూడా ఉన్నారు. నిరోధకత తెచ్చే మార్పులు చాలాసార్లు క్రిమి ఎదుగుదలను కొంత మందగింపజేస్తాయి, వేగవంతం చేయవు. సరైన మందులు మొదలుపెట్టడం, కిటికీలు తెరిచి ఉంచడం, కఫం నెగటివ్ అయ్యేవరకు మాస్కు పెట్టుకోవడం చాలు. అయితే ఇంట్లో పిల్లలను పరీక్షకు తీసుకువెళ్లేటప్పుడు రోగి నిరోధకత రిపోర్టు తప్పక వెంట ఉండాలి; రోగి క్రిమి ఐసోనియాజిడ్‌కు లొంగనిదైతే, ముందు జాగ్రత్తగా పిల్లలకు ఇచ్చే మందు కూడా మారుతుంది.