సెంటు సీసా మీద డిజైనర్ పేరు: అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో అత్తర్లు, పెర్ఫ్యూమ్‌లు అమ్మడం నా వృత్తి. పెళ్ళిళ్ళ సీజన్లోనూ, పైడితల్లమ్మ సిరిమాను సంబరం ముందూ కుర్రాళ్ళు ఫోన్లో సీసా ఫోటో చూపించి, "అన్నా, ఈ డిజైనర్ సెంటు ఉందా? ఒరిజినలేనా?" అని అడుగుతారు. ఆ పేరు వెనక ఏముందని అడిగేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఈ వృత్తిలో బాగా నచ్చేది అదే. బట్టలు కుట్టే ఫ్యాషన్ కంపెనీకి సెంటుతో ఏం పని? అందులో డిజైనర్ వాటా ఎంత? వీటి చుట్టూ నేను తరచూ వినే మాటలు కొన్ని తీసుకుంటాను.

అపోహ: సెంటును డిజైనరే స్వయంగా కలుపుతారు

కలపరు. కలిపేది పెర్ఫ్యూమర్. వందల ముడిసరుకుల వాసనలు గుర్తుపెట్టుకుని, ఏళ్ళ తరబడి నేర్చుకోవాల్సిన వేరే విద్య అది. 1921లో వచ్చిన షనెల్ నెంబర్ 5 అనే సెంటుని తయారుచేసింది మాస్కోలో పుట్టిన ఎర్నెస్ట్ బో. ఆయన నెంబర్లు వేసి తెచ్చిన నమూనాల్లో డిజైనర్ కోకో షనెల్ అయిదోది ఎంచుకుని, ఆ నెంబరునే పేరుగా ఉంచేశారు.

అలాగని ఆమె చేసింది చిన్న పని కాదు. ఒక పువ్వును పట్టి ఇచ్చే సెంట్లు బాగా నడుస్తున్న కాలమది. ఆమె కోరింది ఏ పువ్వూ విడిగా తెలియని వాసన, గౌను కుట్టినట్టు మనిషి చేత్తో కూర్చిన వాసన. బో జాజి, గులాబీలతో పాటు ఆల్డిహైడ్లు అనే సింథటిక్ పదార్థాలను ధారాళంగా వేశారు. సీసా కూడా నగిషీలు లేని సాదా గాజు సీసా. ఆడవాళ్ళ బట్టల్లోంచి అనవసరపు హంగులు తీసేసిన మనిషి సీసా విషయంలోనూ అదే చేశారు. డిజైనర్ సెంటుకి తత్వం అంటూ ఒకటి ఉంటే ఈ ఎంపికలోనే ఉంటుంది: ఏది కావాలి, ఏది వద్దు అని తేల్చి చెప్పడంలో.

మన పొందూరు ఖద్దరు చూడండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వేవాళ్ళు, నూలు వడికేవాళ్ళు, మగ్గం మీద నేసేవాళ్ళు వేరువేరు. అయినా పంచె మీద ఉండే పేరు పొందూరే. ఆ పేరు నిలబడేది ఆ చేతులన్నిటి వల్ల. సెంటు కంపెనీ కూడా ఇలాగే నడుస్తుంది.

అపోహ: ఇదంతా షనెల్‌తోనే మొదలైంది

పదేళ్ళ ముందే, 1911లో పాల్ పొయిరే అనే ప్యారిస్ డిజైనర్ సెంట్ల కంపెనీ పెట్టారు. దానికి తన పేరు పెట్టుకోలేదు, కూతురు రోజీన్ పేరు పెట్టారు. 1927లో జాన్ లాన్వాఁ అనే మహిళా డిజైనర్ కంపెనీ నుంచి వచ్చిన ఆర్పేజ్ అనే సెంటు కూడా ఆమె కూతురి ముప్పయ్యో పుట్టినరోజు కానుకే. తల్లీకూతుళ్ళ బొమ్మ ఆ సీసా మీద కనిపిస్తుంది. నాకు ఈ రెండు కథలూ ఎంతో ఇష్టం.

అపోహ: పేరు ఎవరిదో కంపెనీ వాళ్ళదే

1924లో సెంట్ల కోసం వేరే కంపెనీ పెట్టినప్పుడు షనెల్‌కి దక్కింది 10 శాతం వాటా. 70 శాతం పెట్టుబడి పెట్టిన వెర్తైమర్ సోదరులది, 20 శాతం వాళ్ళను కలిపిన వ్యాపారిది. ఈనాడు చాలా ఫ్యాషన్ పేర్ల మీద సెంట్లు తయారుచేసి అమ్మేది లైసెన్స్ తీసుకున్న వేరే కంపెనీలే. వాసనని కూర్చేది కూడా ఎక్కువగా జివోడాన్, సిమ్రైజ్ లాంటి వాసనల తయారీ సంస్థల్లో పనిచేసే పెర్ఫ్యూమర్లు. సొంత పెర్ఫ్యూమర్‌ని పెట్టుకున్న ఫ్యాషన్ కంపెనీలు కొన్నే. షనెల్‌లో జాక్ పోల్జ్ తర్వాత ఆ కుర్చీలో ఆయన కొడుకు ఒలివియే కూర్చున్నారు.

అపోహ: అసలు సెంటులో పూలే ఉంటాయి, కెమికల్ కలిస్తే నకిలీ

నేను అన్నిటికంటే ఎక్కువగా వాదించేది దీని మీదే. డిజైనర్ క్రిస్టియన్ డియోర్‌కి లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అనే పువ్వంటే ప్రాణం. అదృష్టం కోసం దాని రెమ్మని గౌన్ల అంచుల్లో పెట్టి కుట్టించేవారు. చిక్కేమిటంటే ఆ చిన్న తెల్లపూల నుంచి సెంటుకి పనికొచ్చే నూనె దిగదు. ఎడ్మాన్ రూడ్నిట్స్కా అనే పెర్ఫ్యూమర్ ఆ మొక్కల్ని తన తోటలో పెంచి, పూసినప్పుడు దగ్గర కూర్చుని వాసన చూసి, వేరే పదార్థాలతో ఆ వాసనని కట్టారు. అదే 1956 నాటి డియోరిస్సిమో అనే సెంటు. సింథటిక్ లేకపోతే ఆ పువ్వు సీసాలోకి వచ్చేదే కాదు.

మన పక్కకే వద్దాం. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా, దేశానికి మొగలి అత్తరు పంపే నేల. పొత్తుల్ని డేగులనే రాగి పాత్రల్లో నీళ్ళతో కాచి, ఆవిరిని చందనం నూనెలోకి దించడం పాత పద్ధతి. చందనం ధర తట్టుకోలేక ఇప్పుడు చాలామంది వేరే నూనెలు వాడుతున్నారు. ఆ మొగలి నూనెలో అధిక భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థం. దాన్ని ఫ్యాక్టరీలోనూ చేస్తారు. అది మొగలి పొత్తులో ఉన్న పదార్థమే, ఫ్యాక్టరీలో చేసినంత మాత్రాన విషం అయిపోదు. అయితే దాన్ని ఒక్కదాన్నే సీసాలో పోసి "అసలు మొగలి" అని అమ్మితే అది మోసమే. పొత్తులో దాని పక్కన ఉండే చిన్నచిన్న వాసనలు ఆ సీసాలో ఉండవు, అలవాటైన ముక్కు ఇట్టే పట్టేస్తుంది.

అపోహ: ఆ ఫార్ములా వందేళ్ళుగా చెక్కుచెదరలేదు

సీసా మీద సంవత్సరం చూసి ఇలా అనుకోవద్దు. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ వాసన ఇచ్చే లిలియల్ అనే సింథటిక్ పదార్థాన్ని 2022లో ఐరోపా సమాఖ్య కాస్మెటిక్స్‌లో నిషేధించింది. పాత సెంట్లకి ఆయువుపట్టు లాంటి, చెట్ల మీద నాచులా పెరిగే ఓక్‌మాస్‌కి అలర్జీల కారణంగా పరిమితులు పెట్టారు. అలాంటప్పుడు పెర్ఫ్యూమర్ ఫార్ములా మళ్ళీ రాయక తప్పదు. మిస్ డియోర్ 1947లో డియోర్ తొలి కలెక్షన్‌తో పాటు పుట్టింది. ఇప్పుడు ఆ పేరుతో షాపుల్లో దొరికేది 2005లో మిస్ డియోర్ షెరీగా వచ్చిన వేరే సెంటు వంశం. పాత వాసనలు పోకుండా దాచడానికి ఫ్రాన్స్‌లోని వెర్సాయిల్‌లో 1990 నుంచి ఓస్మోటెక్ అనే భాండాగారం నడుస్తోంది. వారసత్వం అంటే ఇంత పని. షనెల్ అయితే 1987 నుంచి ఫ్రాన్స్‌లోనే సెంటు పూలకి పేరున్న గ్రాస్ అనే ఊరి దగ్గర ఒక రైతు కుటుంబంతో ఒప్పందం పెట్టుకుని తనకు కావాల్సిన పూలు పండించుకుంటోంది.

అపోహ: అది వాళ్ళ విద్య, మనకేం సంబంధం

గ్రాస్‌లో పండే ఆ జాస్మిన్ మన పెరట్లో పందిరి ఎక్కే జాజే, జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్. ఆసియా నుంచి అక్కడికి వెళ్ళిన మొక్క. ఈనాటికీ తమిళనాడులో కోసిన జాజి, మల్లెల నుంచి తీసిన ఆబ్సల్యూట్ అనే చిక్కటి పూలసారం విదేశీ పెర్ఫ్యూమర్ల చేతికి వెళుతోంది. ఖరీదైన సీసా మీద ఆ రైతు పేరు ఎక్కడా ఉండదు. ఉండాలని నా కోరిక.

అపోహ: ధర ఎక్కువైతే రోజంతా ఉంటుంది

ఎంతసేపు ఉంటుందన్నది పరిమళ నూనె శాతం మీదా, ఏ పదార్థాలు వాడారన్నదాని మీదా ఆధారపడుతుంది. ఓ ద తువాలెట్ అనే పల్చటి రకంలో మామూలుగా 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్ అనే చిక్కటి రకంలో 15 నుంచి 20 శాతం ఉంటుంది. నిమ్మ, నారింజ జాతి వాసనలు ఎంత ఖరీదు పెట్టినా త్వరగానే ఎగిరిపోతాయి. వేసవిలో మన ఎండకి ఇంకా తొందరగా పోతాయి. కొనేముందు చేతి మీద కొట్టించుకుని, బజారు పని చూసుకుని వచ్చి మళ్ళీ వాసన చూడండి. నా షాపులో ఎవరినీ తొందరపెట్టను.