కొన్ని హార్మోన్లు పేగులో ముందు దొరికాయి, మెదడులో తర్వాత

మెదడు హార్మోనుగా పేరుపడ్డ సెరటోనిన్ ఒంట్లో 90 శాతం పేగులోనే ఉంటుందన్న మాట నిజమే. దానికి "కాబట్టి సెరటోనిన్ ఉన్న అరటిపండు తింటే మనసు కుదుటపడుతుంది" అని తోక తగిలించడమే తప్పు. పేగులోని సెరటోనిన్ రక్తంలోంచి మెదడులోకి దాటలేదు. మెదడు తనకు కావలసింది తనే చేసుకుంటుంది. అందుకు వాడే ఎంజైము కూడా వేరని 2003లో తేలింది.

'మెదడు హార్మోనుకు పేగులో ఏం పని?' అని అడుగుతుంటారు గానీ, చరిత్ర చూస్తే అడగాల్సింది తిరగేసి. ఇటలీలో ఎర్‌స్పామెర్ 1930లలోనే ఈ పదార్థాన్ని జీర్ణనాళం పొరలో పట్టుకుని ఎంటెరమైన్ అన్నాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రక్తపు సీరం నుంచి తీసినవాళ్లు సెరటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని 1952లో తేలింది. మెదడులో ఉందని బెట్టీ ట్వారోగ్, పేజ్ చూపించింది ఆ మరుసటి ఏడు. చివరగా దొరికిన చోటే దానికి సొంతూరైపోయింది!

అసలు హార్మోన్ల శాస్త్రం మొదలైందే పేగులో. 1902 జనవరిలో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ మత్తిచ్చిన కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు నాడులన్నీ కోసేసి, రక్తనాళాలు మాత్రం ఉంచారు. ఆ ముక్కలో 0.4 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. నాడి లేకపోయినా క్లోమరసం కారింది. ఆమ్లమే రక్తంలో కలిసి ఆ పని చేసిందా అంటే, నేరుగా రక్తంలోకి ఎక్కించిన ఆమ్లానికి క్లోమం స్పందించదని అప్పటికే తెలుసు. దాంతో పేగు లోపలి పొరను గీకి, ఇసుక, ఆమ్లం వేసి నూరి, వడకట్టి, ఆ నీటిని మెడ సిరలోకి ఎక్కించారు. క్లోమరసం మళ్లీ కారింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అనే మాటను స్టార్లింగ్ వాడింది 1905లో.

1931లో లండన్‌లోనే ఆయిలర్, గాడమ్ గుర్రం మెదడు నుంచీ పేగు నుంచీ తీసిన సారం కుందేలు పేగును ముడుచుకునేలా చేయడం చూశారు. నాడులు వదిలే ఎసిటైల్‌కోలిన్ కూడా పేగును ముడుస్తుంది గానీ, దాన్ని అట్రోపిన్ అనే మందు అడ్డుకుంటుంది. ఇక్కడ అట్రోపిన్ వేసినా ముడుత ఆగలేదు. అంటే అది ఎసిటైల్‌కోలిన్ కాదు. ఆ సారపు పొడికి 'సబ్‌స్టెన్స్ పి' అని పేరు పెట్టారు. దాదాపు 40 ఏళ్లు అదేమిటో తేలక పొడిగానే ఉండిపోయింది. 1970 ప్రాంతంలో సూసన్ లీమన్ ఆవు మెదడు అడుగుభాగమైన హైపోథాలమస్‌లో ఇంకో హార్మోను వెతుకుతుంటే, ఆ సారం ఎక్కించిన ఎలుకలకు లాలాజలం ఊరింది. అది ఈ పాత పదార్థమే, 11 అమైనో ఆమ్లాల గొలుసు.

అందరూ తడబడింది కోలెసిస్టోకైనిన్ దగ్గర. కొవ్వు తిన్నప్పుడు పిత్తాశయాన్ని పిండే హార్మోను ఇది. 1975లో బ్రస్సెల్స్‌లో వాండర్‌హేగన్ బృందం, జీర్ణాశయంలో ఆమ్లం ఊరించే హార్మోను గ్యాస్ట్రిన్‌ను పట్టే యాంటీబాడీతో వెతికి, గ్యాస్ట్రిన్ లాంటిది మెదడులో ఉందని ప్రకటించింది. దొరికింది గ్యాస్ట్రిన్ కాదు, కోలెసిస్టోకైనిన్. రెండింటికీ చివరి ఐదు అమైనో ఆమ్లాలు అచ్చంగా ఒకటే. తోకను పట్టే యాంటీబాడీకి తేడా ఎలా తెలుస్తుంది? టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మాత్రం గ్యాస్ట్రిన్‌లో చివరి నుంచి ఆరోది, కోలెసిస్టోకైనిన్‌లో ఏడోది. మరుసటి ఏడాది డాక్రే ఆ చిక్కు విప్పాడు. మెదడులో ఎక్కువగా ఉండేది దాని ఎనిమిది అమైనో ఆమ్లాల పొట్టి రూపం.

రక్తపరీక్షలో ఇదే చిక్కు నేటికీ ఉంది. రక్తంలో గ్యాస్ట్రిన్ కోలెసిస్టోకైనిన్‌కు పది రెట్లో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. యాంటీబాడీ కాస్త పొరబడినా వచ్చిన అంకె గ్యాస్ట్రిన్‌దే అవుతుంది.

ఒకే పదార్థం రెండు చోట్లా ఎలా వచ్చింది? పేగులోని హార్మోను కణాలు పిండదశలో నాడీకణాల మూలం నుంచే వలస వచ్చాయని పియర్స్ 1960లలో వాదించాడు. వినడానికి బాగుంది. కానీ లె డువారిన్ కౌజుపిట్ట పిండంలోని ఆ మూలకణజాలాన్ని కోడి పిండంలో అతికి చూసింది. కౌజు కణాల కేంద్రకం సూక్ష్మదర్శినిలో ప్రత్యేకంగా కనబడుతుంది. పేగు గోడలోని నాడీకణాలు కౌజువి, హార్మోను కణాలు కోడివి! అవి పేగు పొరలోనే పుట్టినవన్నమాట. చుట్టరికం లేకపోయినా రెండు రకాల కణాలూ ఒకే జన్యువును వాడుకుంటున్నాయి.

దీని ఫలం వార్డులో చూడొచ్చు. 1973లో గొర్రెల హైపోథాలమస్ నుంచి తీసిన సొమాటోస్టాటిన్, ఎదుగుదల హార్మోనును ఆపేది, జీర్ణాశయంలోనూ క్లోమంలోనూ దొరికింది. రక్తంలో రెండు మూడు నిమిషాలకే సగమైపోతుంది కాబట్టి మందుగా పనికిరాలేదు. దాన్ని పోలి ఉండేలా చేసిన ఆక్ట్రియోటైడ్ సగమవడానికి సుమారు గంటన్నర పడుతుంది. కాలేయం గట్టిపడి అన్నవాహికలో సిరలు చిట్లి రక్తం కక్కుకునేవారికి ముందు 50 మైక్రోగ్రాములు ఒక్కసారిగా, తర్వాత గంటకు 50 చొప్పున రెండు నుంచి ఐదు రోజులు ఎక్కిస్తారు.

సెరటోనిన్ అతిగా వదిలే కార్సినాయిడ్ గడ్డకూ ఆక్ట్రియోటైడే ఇస్తారు. ఆ గడ్డను అనుమానిస్తే 24 గంటల మూత్రంలో సెరటోనిన్ విరిగిన పదార్థాన్ని కొలుస్తారు. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచీ అరటి, అనాస, టమాటా, వాల్‌నట్ మానాలి. లేకపోతే గడ్డ లేనివారికీ అంకె పెరుగుతుంది. అరటిపండులోని సెరటోనిన్ మెదడుకు చేరదు గానీ మూత్రం డబ్బాలో మాత్రం తేలుతుంది. కుంగుబాటు మందులూ ఈ అంకెను మారుస్తాయి కాబట్టి వాడుతున్నవాటి పేర్లన్నీ డాక్టరుకు ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.