ఫ్యాన్ ఇంజిన్ వేగాన్ని బట్టి తిరగాలా, వేడిని బట్టి తిరగాలా?

మే నెల మధ్యాహ్నం, ఏసీ ఆన్‌లో ఉన్న బండి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. రేడియేటర్‌కు గాలి బాగా కావలసింది అప్పుడే. ఇంజిన్ మాత్రం నిమిషానికి 800 చుట్లే తిరుగుతుంటుంది కాబట్టి, బెల్టు మీద నడిచే ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. అదే బండి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 100లో పోతుంటే ఎదురుగాలే సరిపోతుంది, ఫ్యాన్‌తో పనే లేదు. కానీ అప్పుడు ఇంజిన్ జోరుగా తిరుగుతూ ఫ్యాన్‌ని కూడా తిప్పుతూనే ఉంటుంది. పాత కార్ల ఫ్యాన్‌లో అసలు ఇబ్బంది ఇదే. అది ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, వేడిని బట్టి కాదు.

దీని ఖర్చు చిన్నదేమీ కాదు. ఫ్యాన్ వేగం రెట్టింపైతే వచ్చే గాలి రెట్టింపే, కానీ తిప్పడానికి పట్టే శక్తి ఎనిమిది రెట్లు. 800 చుట్ల నుంచి 3,200కి వెళ్తే 64 రెట్లు. అంబాసిడర్‌లో ఫ్యాన్‌ను నేరుగా బోల్టులతో బిగించేవారు కాబట్టి ఈ భారమంతా ఇంజినే మోసేది. ఆ భారం తగ్గించడానికి వచ్చిందే విస్కస్ క్లచ్.

ఇన్నోవా, స్కార్పియో, సుమో లాంటి బండ్లలో బానెట్ ఎత్తితే ఫ్యాన్ మధ్యలో గట్లుగట్లుగా ఒక అల్యూమినియం డబ్బీ కనిపిస్తుంది. మెకానిక్కులు విస్కస్ అనేది దాన్నే. దాని ముందు భాగంలో, రేడియేటర్ వైపు, రెండు లోహాలు అతికించిన సన్నని పట్టీ ఉంటుంది. లోపల చిక్కటి సిలికాన్ ఆయిల్. రేడియేటర్‌లోంచి వచ్చే గాలి బాగా వేడెక్కితే పట్టీ వంపు మారి లోపలి వాల్వు తెరుచుకుంటుంది, ఇంజిన్‌తో తిరిగే పలకకూ ఫ్యాన్ బిగించిన డబ్బీకీ మధ్య ఉన్న గాడుల్లోకి ఆయిల్ చేరుతుంది. బెల్లం పాకం ముదిరాక గరిటె తిప్పితే గిన్నె కూడా దాంతోపాటే తిరగబోతుంది కదా, అలాగే తిరిగే పలక ఆయిల్ ద్వారా ఫ్యాన్‌ని లాక్కుపోతుంది. గాలి చల్లబడితే ఆయిల్ వెనక్కి పోయి ఫ్యాన్ వదులవుతుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కొంత గాడుల్లోకి జారి ఉంటుంది. అందుకే పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు హోరుమనే శబ్దం వస్తుంది. అది రిపేరు కాదు, టెన్షన్ అక్కర్లేదు. తీగ, సెన్సార్ ఏవీ లేకుండా ఏళ్ల తరబడి పనిచేసే ఈ డబ్బీ అంటే నాకు చాలా గౌరవం.

అయినా దానికీ ఒక హద్దుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా అది ఇంజిన్ ఇచ్చే వేగాన్ని దాటలేదు. సిగ్నల్ దగ్గర సమస్య అలాగే ఉంటుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు ఇంజిన్ వేగంతో సంబంధం లేదు. బండి ఆగి ఉన్నా పూర్తి వేగంతో తిరుగుతుంది, హైవే మీద పూర్తిగా ఆగిపోతుంది. మారుతి 800లో ఇంజిన్ అడ్డంగా ఉండడం వల్ల బెల్టు ఫ్యాన్ కుదరదు కాబట్టి మొదటి నుంచీ ఎలక్ట్రిక్ ఫ్యానే. ఇప్పటి చిన్న కార్లన్నీ అంతే.

మరి బెల్టు ఫ్యాన్ తీసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడితే మైలేజీ పెరుగుతుందా? చాలామంది ఆశించినంత కాదు. 30 ఆంపియర్లు లాగే ఫ్యాన్ అంటే సుమారు 400 వాట్లు. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో వృథా అయ్యేది కూడా కలిపితే ఇంజిన్ మీద పడేది 700 వాట్ల దాకా, అంటే దాదాపు ఒక హార్స్‌పవర్. లాభమంతా ఫ్యాన్ ఆగి ఉన్న సమయంలోనే. విస్కస్ బాగా పనిచేస్తుంటే అది కూడా చల్లగా ఉన్నప్పుడు వదులుగానే తిరుగుతుంది కాబట్టి తేడా ఇంకా తగ్గుతుంది. ట్రాఫిక్‌లో ఏసీ బాగా పనిచేయడం, ఇంజిన్ మోత తగ్గడం మాత్రం నిజంగా తెలుస్తాయి.

బండి హీటెక్కుతోందని ఫ్యాన్ మార్చేవాళ్లు ముందు రేడియేటర్ చూసుకోవాలి. మన దగ్గర కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు ఇంకా పోలేదు. ఆ నీళ్లలోని లవణాలు గొట్టాల లోపల తెల్లగా గడ్డకట్టి వేడిని బయటికి రానివ్వవు. దానికి ఏ ఫ్యానూ మందు కాదు. విస్కస్‌ను కూడా చూడాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, తాళం తీసి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. గట్టిగా ఆపుతున్నట్టుండాలి. తేలిగ్గా గిరగిరా తిరిగితే, డబ్బీ మధ్యలో దుమ్ము పట్టిన ఆయిల్ జిడ్డు కనిపిస్తే, అది పోయినట్టే. కొత్త విస్కస్ వేస్తే చాలా బండ్ల కథ అక్కడితో అయిపోతుంది.

అంతా చూసుకున్నాక కూడా ఎలక్ట్రిక్ పెట్టాలనుకుంటే పని సగం సగం చేయకూడదు. రేడియేటర్ మొత్తం నుంచి వచ్చే గాలిని ఫ్యాన్ వైపు మళ్లించే కవరు లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, మూలలు వేడిగానే ఉంటాయి. మోటారు స్టార్టయ్యే క్షణంలో కరెంటు మామూలు కన్నా రెండు మూడు రెట్లు లాగుతుంది. సన్నటి వైరు, చవక రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు డబ్బీ) వేస్తే ఏమవుతుందో రిలే ఊడదీసి చూస్తే తెలుస్తుంది: ఫ్యాన్ కరెంటు పారే 30, 87 నంబర్ల పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, పిన్ను ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. ఫ్యాన్‌కొక రిలే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, గట్టి ఎర్త్ తప్పనిసరి. కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే బండిలో ఫ్యాన్ 80కే ఆన్ అయ్యేలా పెడితే అది ఇక ఆగదు. 95 దగ్గర ఆన్, 90 దగ్గర ఆఫ్ అయితే సరిపోతుంది. ఏసీ వేయగానే కూడా ఫ్యాన్ తిరగాలి.

తిరుమల, శ్రీశైలం ఘాట్లలో నిండుగా మనుషులతో తిరిగే ట్రావెల్స్ బండ్లకు మాత్రం నేను ఈ మార్పు చెప్పను. సెకండ్ గేరులో బండి నెమ్మదిగా ఎక్కుతుంటే ఎదురుగాలి ఉండదు, ఇంజిన్ మాత్రం చాలా వేగంగా తిరుగుతుంది. బెల్టు ఫ్యాన్ పూర్తి బలం చూపించేది సరిగ్గా అక్కడే, ఏ చిన్న ఎలక్ట్రిక్ ఫ్యానూ అంత గాలి లాగలేదు. పైగా ఎండాకాలం. కూలెంట్ 95 డిగ్రీలుండగా బయట 30 అయితే తేడా 65, బయట 45 అయితే 50 మాత్రమే. అంటే అదే రేడియేటర్, అదే గాలి, కానీ వదిలే వేడి దాదాపు నాలుగో వంతు తక్కువ. అలాంటి బండికి విస్కస్ ఉంచి, రేడియేటర్ ముందు వైపు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ అదనంగా పెట్టడం మేలు. అమెరికాలో ఏసీ ఉన్న పాత 4.0 లీటర్ల జీప్ చెరోకీలకు కంపెనీయే ఇలా రెండు రకాల ఫ్యాన్లూ ఇచ్చింది.

బిగించాక పరీక్ష మిట్టమధ్యాహ్నమే చేయాలి. ఏసీ, హెడ్‌లైట్లు, ఫ్యాన్ అన్నీ ఆన్ చేసి, బండిని ఓ అరగంట ఐడిల్‌లో ఉంచి బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. 13.5 వోల్టుల చుట్టుపక్కల నిలబడితే బాగున్నట్టే. 12.5 కన్నా దిగిపోతుంటే ఐడిల్‌లో ఆల్టర్నేటర్ చాలక బ్యాటరీ ఖాళీ అవుతోందన్నమాట, పెద్ద ఆల్టర్నేటర్ వేయించాలి. ఇంకో సంగతి: కొన్ని వైరింగుల్లో తాళం తీసినా, ఇంజిన్ వేడిగా ఉంటే ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగడం మొదలుపెడుతుంది. చెయ్యి పెట్టే ముందు దాని కనెక్టర్ ఊడదీయండి.