మౌస్ వాడకం: అపోహలు - వాస్తవాలు

ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకు కంప్యూటర్ పని నేర్పడం నా ఉద్యోగం. ఎవరి పక్కన కూర్చున్నా స్క్రీన్ కంటే ముందు వాళ్ల చెయ్యి చూస్తాను. మౌస్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, పని మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అపోహ: పాయింటర్ స్పీడు పెంచితే పని తొందరగా అవుతుంది.

అవదు. స్పీడు ఆఖరిదాకా పెట్టేస్తే పాయింటర్ బటన్ దాటి అవతలికి పోతుంది, వెనక్కి లాగితే ఇటు వచ్చేస్తుంది, మళ్లీ అటు. అసలు టైమంతా ఈ గురి కుదరడానికే పోతుంది. 1954లోనే పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని లెక్కకట్టాడు: చేరాల్సిన చోటు ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే అంత ఆలస్యం. మరి స్క్రీన్ మూలల సంగతి చూడండి, పాయింటర్ అంచు దాటి పోలేదు కదా, విండోను పూర్తిగా పెద్దది చేసుకుంటే మూసే గుర్తు కోసం గురి చూడక్కర్లేదు, కుడివైపు పై మూలకు విసిరేసి నొక్కడమే. (కుడిపక్కన రెండో మానిటర్ పెట్టుకున్నవాళ్లకు ఈ సుఖం లేదు.)

అపోహ: డీపీఐ ఎంత ఎక్కువుంటే అంత మంచి మౌస్.

800 డీపీఐ అంటే మౌస్ అంగుళం జరిగితే 800 చిన్న చిన్న కదలికల లెక్క కంప్యూటర్‌కు వెళ్తుంది. ఒక్కో కదలికకు పాయింటర్ ఒక్కో పిక్సెల్ జరిగేలా పెట్టుకుంటే 1920 పిక్సెళ్ల స్క్రీన్ ఈ చివరి నుంచి ఆ చివరికి రెండున్నర అంగుళాల్లోపే వెళ్లిపోవచ్చు. అదే 16000 పెడితే అంగుళంలో ఎనిమిదో వంతు చాలు, అంటే తుమ్మినా పాయింటర్ అవతల పడుతుంది! మామూలు ఆఫీసు పనికి అంత ఎందుకు?

అపోహ: ఖాళీ డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి నాలుగుసార్లు రిఫ్రెష్ కొడితే సిస్టమ్ ఫాస్ట్ అవుతుంది.

అది ఐకాన్లను మళ్లీ చూపిస్తుంది, అంతే. ఇంతకు మించి రాయడానికేం లేదు.

అపోహ: సెలెక్ట్ చేయాలంటే మొదటి నుంచి చివరిదాకా లాగాల్సిందే.

ఇది చూస్తే నాకే చేతులు నొప్పిపెడతాయి. ఒకమ్మాయి వర్డ్‌లో పన్నెండు పేజీలు లాగుతోంది, పేజీ జర్రున కిందికి పోయింది, ఆపేసరికి పదిహేనో పేజీ, పైకి లాగితే తొమ్మిదో పేజీ. బటన్ వదిలితే మొత్తం పోతుందని టెన్షన్‌తో వేలు బిగబట్టి కూర్చుంది. మొదట్లో ఒక క్లిక్ చేసి, చక్రం తిప్పుకుంటూ చివరికి వెళ్లి, షిఫ్ట్ పట్టుకుని ఇంకో క్లిక్ చేయమన్నాను. "ఇంతేనా సార్?" అంది. ఇంతే. ఒక్క పదమే కావాలంటే దాని మీద డబుల్ క్లిక్, పేరా మొత్తం కావాలంటే మూడుసార్లు. ఎక్సెల్‌లోనూ ఫార్ములాను వెయ్యో వరుసదాకా లాగక్కర్లేదు, పక్క కాలమ్‌లో డేటా ఉంటే గడి కుడివైపు కింది మూలనున్న చిన్న చతురస్రం మీద డబుల్ క్లిక్ చేస్తే అదే నిండుతుంది.

అలాగని అన్నిటికీ డబుల్ క్లిక్ వద్దు. లింకులకూ, ఫారం పంపే బటన్లకూ ఒక్కటి చాలు, రెండు కొడితే ఒక్కోసారి ఫారం రెండుసార్లు వెళ్తుంది.

అపోహ: చక్రం ఉన్నది తిప్పడానికే.

నొక్కి చూడండి. బ్రౌజర్‌లో లింకు మీద నొక్కితే కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ట్యాబ్ మీద నొక్కితే మూసుకుంటుంది. కంట్రోల్ పట్టుకుని తిప్పితే అక్షరాలు పెద్దవీ చిన్నవీ అవుతాయి.

అపోహ: చెయ్యి నొప్పికి కారణం మౌసే.

నాకూ భుజం లాగేది, రెండు మౌస్‌లు మార్చాను కూడా. చివరికి చూస్తే తప్పు కీబోర్డు కుడివైపున్న అంకెల మీటలది, అవి మౌస్‌ను అంత దూరం తోసేస్తుంటే చెయ్యి రోజంతా పక్కకు చాచి ఉండేది. అంకెల మీటలు లేని పొట్టి కీబోర్డు పెట్టుకున్నాను. మొదటి వారం లేని మీటల కోసం వేళ్లు టేబుల్ మీద వెతుక్కునేవి, తర్వాత భుజం సంగతే మర్చిపోయాను.