ఖాళీ అయిన నంబరు భయం: పీహెచ్‌పీ కలెక్షన్‌లో వెతుకులాట వెనక కథ

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష 8.5 వెర్షన్‌లో, ఆబ్జెక్టులను దాచుకునే ఎస్‌పీఎల్ ఆబ్జెక్ట్ స్టోరేజ్ క్లాసు తాలూకు అటాచ్, డిటాచ్, కంటెయిన్స్ మెథడ్లను డిప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు. దాంతో పాత తగువు మళ్లీ లేచింది. ఎలాగూ కోడ్ ముట్టుకోవాలి కదా, ఆబ్జెక్టుల గుంపును పట్టుకునే సొంత కలెక్షన్ క్లాసులో వెతుకులాటను కూడా ఆబ్జెక్ట్ గుర్తింపు నంబరుతో బాగుచేద్దామని కొందరు, ఆ నంబరు ఇంకోదానికి దక్కొచ్చు, నడుస్తున్నదాన్ని కెలకొద్దని కొందరు.

నడుస్తున్నది ఇన్ అరే ఫంక్షన్, అంటే అరే అనే జాబితాలో ఒకటి ఉందో లేదో చెప్పేది. వెతుకుతున్నది దొరికేదాకా మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంది. 10,000 ఆబ్జెక్టులను, ముందే ఉందా లేదా అని చూసుకుంటూ చేరిస్తే దాదాపు 5 కోట్ల పోలికలు. అచ్చంగా అదే ఆబ్జెక్టా అని మాత్రమే చూడమంటూ మూడో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇవ్వడం మరిచారా, ఇక ఒకే క్లాసు ఆబ్జెక్టుల ప్రాపర్టీలన్నీ తవ్వడం మొదలుపెడుతుంది.

కీ చెబితే అరే వరసగా వెతక్కుండా నేరుగా విలువ ఇస్తుంది, కానీ ఆబ్జెక్టునే మామూలు అరేకి కీగా పెట్టే వీల్లేదు. అందుకే నా లెక్కలో అసలు మలుపు 2006లో, 5.2తో వచ్చిన ఎస్‌పీఎల్ ఆబ్జెక్ట్ హ్యాష్. 32 అక్షరాల గుర్తు చేతికొచ్చింది, వెంట ఒక భయమూ వచ్చింది: ఆబ్జెక్ట్ పోయాక అదే గుర్తు ఇంకోదానికి దక్కొచ్చు. 2017లో 7.2 ఇచ్చిన ఆబ్జెక్ట్ ఐడీ మామూలు పూర్ణసంఖ్య, కీగా చవక. భయం మాత్రం పోలేదు. వేరియబుల్‌లో దాచకుండా కొత్త ఆబ్జెక్ట్ చేసి ఐడీ ప్రింట్ చేయండి, కింది లైన్లో మళ్లీ అదే చేయండి. రెండుసార్లూ ఒకే నంబరు! హాస్టల్లో ఒకడు ఖాళీ చేసిన గది ఇంకొకడికి ఇచ్చినట్టే.

ఈ దెబ్బ తిన్నది నంబరు మాత్రమే దాచుకున్న కోడ్. కలెక్షన్ అలా కాదు, నంబరు కీగా, ఆబ్జెక్ట్ విలువగా రెండూ దాని దగ్గరే ఉంటాయి. అది పట్టుకున్నంతకాలం రెఫరెన్స్ కౌంట్, అంటే ఆ ఆబ్జెక్టును ఎన్ని చోట్ల పట్టుకున్నారన్న లెక్క, సున్నాకి పడదు, గది ఖాళీ కాదు. ఇరవై ఏళ్ల నాటి హెచ్చరికను ఇక్కడికి లాక్కురావడం ఎందుకో నాకర్థం కాదు.

ఒకే ఆబ్జెక్ట్ రెండుసార్లు ఉండాల్సిన లిస్టుకు ఈ నంబరు కీ పద్ధతి నేరుగా కుదరదన్న మాట నిజమే. సీరియలైజ్ చేసి, అంటే అక్షరాలుగా మార్చి దాచి, తిరిగి తెచ్చాక ఈ నంబర్ల ఇండెక్స్ మళ్లీ కట్టుకోవాలి కూడా.

పీహెచ్‌పీలో డేటాబేస్ పనికి వాడే డాక్ట్రిన్ లైబ్రరీలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. దాని అరే కలెక్షన్‌లో కంటెయిన్స్ ఇన్ అరేతోనే నడుస్తుంది. డేటాబేస్ మార్పుల లెక్క చూసే యూనిట్ ఆఫ్ వర్క్ మాత్రం హ్యాష్ వదిలేసి ఆబ్జెక్ట్ ఐడీకి మారిపోయింది.