ఎమల్షన్ ప్లేటులో కనిపించేదీ, కనిపించనిదీ: అపోహలు - వాస్తవాలు

ఎమల్షన్ ప్లేటంటే జెలటిన్‌లో వెండి బ్రోమైడ్ రేణువులు కలిపి పూసిన ఫొటోగ్రాఫిక్ ప్లేటు. ఆవేశమున్న కణం దాన్లోంచి దూసుకుపోతే, డెవలప్ చేశాక దాని దారి చుక్కల గీతగా కనిపిస్తుంది.

అపోహ: భార కేంద్రకాలు ఢీకొన్నప్పుడు బయటికొచ్చేవన్నీ వాటిలో ముందే ఉన్న ముక్కలు.

వాస్తవం: లెక్క వేసి చూడండి. జపాన్-అమెరికా ఉమ్మడి బృందం బెలూన్లో పైకి పంపిన ఎమల్షన్‌లో దొరికిన ఒక ఘటనను 1983లో ప్రచురించింది. కాస్మిక్ కిరణాల్లోని సిలికాన్ కేంద్రకం ఒకటి వెండి లేదా బ్రోమిన్ కేంద్రకాన్ని గుద్దింది. సిలికాన్‌లో ప్రోటాన్లు 14. అవతలిది వెండే అనుకున్నా 47. రెండూ కలిపి 61. బయటికొచ్చిన ఆవేశ కణాలు మాత్రం వెయ్యికి పైనే! ఢీకొన్న శక్తిలోంచి అప్పటికప్పుడు పుట్టినవి అవి, ఎక్కువ భాగం పయాన్లు, అంటే ప్రోటాన్ కన్నా తేలికైన, కొద్దిసేపే బతికే కణాలు. ధనావేశానికి తోడు ఋణావేశం కూడా పుడుతుంది కాబట్టి మొత్తం ఆవేశం 61 దాటదు. తటస్థ పయాన్లయితే గీతే గీయవు, వాటిని ఈ లెక్కలోకి తీసుకోనే లేదు.

అపోహ: మైక్రోస్కోపులో గీతలు లెక్కపెడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. దాదాపు కాంతి వేగంతో పోయే కణం పలచటి చుక్కల వరస వదులుతుంది, దాన్ని షవర్ ట్రాక్ అంటాం. దెబ్బ తిన్న కేంద్రకం నుంచి ఎగిరిపడిన ప్రోటాన్లు చాలావరకు గ్రే ట్రాక్‌లు. వేడెక్కిన కేంద్రకం ఆవిరవుతూ వదిలే నెమ్మది కణాలు బ్లాక్ ట్రాక్‌లు, 3 మిల్లీమీటర్లలోపే ఆగిపోతాయి. పైగా డెవలప్ చేశాక ఎమల్షన్ మందం సగానికి దగ్గరగా కుంచించుకుపోతుంది. ఆ కుదింపును సరిచేయకుండా కొలిచిన కోణానికి విలువ లేదు.

అపోహ: గ్రే, బ్లాక్ ట్రాక్‌లు కలిపి 8 లోపుంటే టార్గెట్, అంటే దెబ్బ తిన్నది, తేలిక కేంద్రకమే.

వాస్తవం: కొత్తగా స్కానింగ్‌కి వచ్చిన విద్యార్థులు తరచూ ఇక్కడే పడతారు. ఎమల్షన్‌లోని తేలిక కేంద్రకాల్లో పెద్దదైన ఆక్సిజన్ ఆవేశం 8 కాబట్టి, 8 దాటితే అది వెండో బ్రోమినో అయి తీరాలి. తిరగేసి చెప్పడం మాత్రం కుదరదు. అంచు రాసుకుంటూ పోయిన ఢీలో వెండి కేంద్రకం కూడా రెండు మూడు ట్రాక్‌లే ఇవ్వొచ్చు.

అపోహ: క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మాను (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగిపోయి వాటిలోని క్వార్క్‌లు, గ్లూవాన్లు విడిగా తిరిగే స్థితిని) ప్లేటు మీద చూడొచ్చు.

వాస్తవం: చూడలేం. కేంద్రకమంత చోటులో పుట్టి క్షణంలో కోట్ల కోట్ల వంతులోనే పోయేది అది. మాకు మిగిలేవి కోణాలూ, సంఖ్యలూ. వాటి హెచ్చుతగ్గుల్లో యాదృచ్ఛికం ఎంతో తేల్చకుండా ప్లాస్మా పేరెత్తడం తొందరపాటే.

అపోహ: ఎమల్షన్ మ్యూజియం సరుకు.

వాస్తవం: ఐరోపా కణభౌతిక ప్రయోగశాల సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలకి వచ్చిన న్యూట్రినో పుంజంలో, న్యూట్రినోల్లో ఒక రకమైన టౌ న్యూట్రినోలను పట్టింది సీసం, ఎమల్షన్ పొరల దొంతరలే. టౌ న్యూట్రినో ఢీకొన్నప్పుడు పుట్టే టౌ కణం నడిచే మిల్లీమీటరు లోపు దూరాన్ని కూడా అవి చూపగలవు. లోపమూ లేకపోలేదు. ప్లేటుకి టైము తెలియదు. తయారైన రోజు నుంచి డెవలప్ చేసేదాకా తగిలిన ప్రతి కాస్మిక్ కిరణాన్నీ అది దాచుకుంటుంది.