గన్నవరం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: పదిహేను గంటల దూరానికి రోజంతా ఎందుకు?

గన్నవరం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 13,500 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో లెక్కిస్తే పదిహేను గంటల ప్రయాణం. కానీ పిల్లలను చూడడానికి కాలిఫోర్నియా వెళ్లే విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకు ఇల్లు విడిచింది మొదలు ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈ తేడాకు కారణాలు కొన్ని ఆకాశంలో, కొన్ని నేల మీద ఉన్నాయి.

ఆ దగ్గరి దారి ఈశాన్యంగా సాగి టిబెట్, చైనా, సైబీరియాలను దాటి ఆర్కిటిక్ అంచు నుంచి అలాస్కా మీదుగా దిగుతుంది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే ఊపిరాడే ఎత్తుకు, అంటే పది వేల అడుగులకు దిగాలి. టిబెట్‌లో నేలే అంతకంటే ఎత్తు కనుక విమానాలు వీలైనంతవరకు ఆ పీఠభూమిని తప్పించుకుని వెళతాయి. సైబీరియాది రాజకీయ చరిత్ర. సోవియట్ కాలంలో పాశ్చాత్య విమానాలకు చాలావరకు మూసి ఉన్న ఆ గగనతలం తరువాత తెరుచుకుంది, 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో అమెరికా, ఐరోపా సంస్థలకు మళ్లీ మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ భారత విమానాలకు తన గగనతలాన్ని మూసివేశాక ఢిల్లీ, ఉత్తర అమెరికా మధ్య తిరిగే కొన్ని ఎయిరిండియా విమానాలు ఇంధనం కోసం వియన్నాలో, కోపెన్‌హాగన్‌లో ఆగవలసి వచ్చింది.

గాలి మాట మరీ ముఖ్యం. ఎయిరిండియా 2015 డిసెంబరులో మొదలుపెట్టిన ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానం తొలుత అట్లాంటిక్ మీదుగా, పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలికి ఎదురుగా సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. 2016 అక్టోబరులో దానిని పసిఫిక్ వైపు మళ్లించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగినా, వాలుగాలి తోడై దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో విమానం చేరింది. టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు చూసి సమయం అంచనా వేయరాదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక నేల మీది సంగతి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక అవసరాలకు వేసిన గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది, ఆ తరువాత రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించారు. అయినా రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక హామీతో 2018 డిసెంబరులో మొదలైన తొలి సింగపూర్ సర్వీసు ఏడాది తిరగకముందే ఆగిపోయింది. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా మొదలైన ఎయిరిండియా విమానమూ నిలవలేదు. పెద్ద రన్‌వే ఉన్నంత మాత్రాన దూరప్రయాణపు సీట్లు రోజూ నిండవు.

కాబట్టి మన ప్రాంతం వారు ఢిల్లీలోనో, గల్ఫ్‌లోనో విమానం మారవలసిందే. ఢిల్లీ మీదుగా వెళ్లడం వల్ల లెక్కలో పెరిగే దూరం కేవలం సుమారు 250 కిలోమీటర్లు. గంటలు పోయేది అక్కడ తరువాతి విమానం కోసం కూర్చోవడంలోనే. గన్నవరం నుంచి ఢిల్లీ వెళ్లే విమానాల వేళలను అమెరికా విమానాల వేళలకు జతపరిస్తే, నేరు విమానం కోసం ఎదురుచూడకుండానే, పెద్ద వయసు ప్రయాణికులకు ఆ నిరీక్షణ చాలావరకు తగ్గుతుంది.